వినికి, పలుకు: కడప శ్రీశైల ప్రాంతములలో భాషాబోధన చరిత్ర

1794వ సంవత్సరమున కాలిన్ మెకంజీ అను సైనికోద్యోగి శ్రీశైలమును దర్శించి, తాను చూచినదానిని వినినదానిని దినచర్యగ వ్రాసికొనెను. అందలి భాగము ఆసియాటిక్ రిసర్చెస్ అయిదవ సంపుటమున వెలువడినది. ఆ వ్యాసము పేరులో శ్రీశైల శబ్దము కానరాదు. మన సీమలో ఈ క్షేత్రమునకు పర్వతమనియే వాడుక. ఆ వాడుక మాటనే మెకంజీ ఇంగ్లీషు లిపిలోనికి దించినాడు. ఆ లిపిని మన అక్షరములలో నున్నదున్నట్లు మార్చినచో ‘పెర్వుట్టుం’ అగును. దీనిని చూచి నవ్వుకొనినవా రుందురు. కాని నాటి ఇంగ్లీషు వ్రాతలో ‘యు’ అను అక్షరము మన అకారమునకు గుర్తు. ఆ సంప్రదాయము తెలిసి చదివినచో అది ‘పర్వట్టం’ అను పలుకునకు మిక్కిలి దగ్గరగ వచ్చును. మిగిలిన భేదమంతయు తకారమునకు సంబంధించినది. దంతమూలములకు నాలుక నానించి పలుకు ఇంగ్లీషువారి ‘టి’కి మన దంత్య తకారము లేదు. అనగా మెకంజీ చెవి పొరబడలేదు. అతని వ్రాతను కంటితో చదువు మనమే పొరబడుచున్నాము.

ఈ చిన్న ఉదాహరణమును ముందుంచుటకు కారణము కలదు. ఇంగ్లీషు నేర్చు విద్యార్థికి వినుటయు మాటలాడుటయు ఎట్లు పాఠముగ కూర్చి చెప్పవలెనను ప్రశ్న ఉపాధ్యాయ శిక్షణ సంస్థలలో నేడు విశేషముగ చర్చింపబడుచున్నది. దానిని విదేశములనుండి వచ్చిన నూతన విషయముగ భావించుట పరిపాటియైనది. కాని రెండు శతాబ్దులకు పూర్వమే దత్తమండలములలో, ముఖ్యముగ కడపలో, వినికితో మొదలై పలుకుతో ముందునకు సాగు భాషాబోధన యొకటి నడచినది. విచిత్రమేమన, అది తెలుగు పిల్లలకు ఇంగ్లీషు నేర్పుటకై యేర్పడినది కాదు, ఇంగ్లీషు దొరలకు తెలుగు నేర్పుటకై యేర్పడినది. అవే రెండు భాషలు, అదే మండలము, అదే కాలము. దొర కొక మార్గము, రైతుబిడ్డ కొక మార్గము. ఈ వ్యత్యాసమును పరిశీలించుటయే మా యుద్దేశము.

మెకంజీ విషయమును ముందు ముగింతము. శ్రీశైల క్షేత్రమునకు సంబంధించిన చంద్రావతి కథను అతడు స్థానికులవలన విని వ్రాసికొనెను. కాని దేశభాషలను చక్కగ నేర్చుకొను అవకాశము తనకు కలుగలేదని అతడే తరువాతి కాలమున ఒప్పుకొనినాడు. 1796 తరువాత కావలి బొర్రయ్య అతని కొలువున చేరి దుబాసియై, చెవియై, నోరై పనిచేసెను. మెకంజీ కైఫీయతుల సేకరణమంతయు ఆ కావలి సోదరులును వారివంటి తెలుగు పండితులును పల్లెపల్లెకు పోయి అడిగి, విని, వ్రాసికొనివచ్చిన దాని ఫలము. భాష రానివానికి దుబాసి కావలయును. దుబాసి వలదనుకొనిన దొరకు పాఠశాల కావలయును. ఆ పాఠశాల 1812లో చెన్నపట్టణమున ఫోర్ట్ సెంట్ జార్జి కాలేజియను పేర వెలసినది.

ఆ కళాశాలతో సంబంధముగల అలెగ్జాండర్ డంకన్ కాంప్‌బెల్ 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించెను. 1817లో చెన్నపట్టణమునకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను అచ్చటనే వెలగపూడి కోదండరామ పంతులవద్ద తెలుగు మొదలుపెట్టి, 1820లో పరీక్ష నిచ్చి, కడప కలెక్టరునకు సహాయకుడుగ నియమింపబడెను. పరీక్ష ముగియుటతో చదువు ముగిసినదా? ముగియలేదు. అసలు చదువు అచ్చటనే మొదలైనది. కచేరిలో అర్జీలు చదివి వినిపింపబడును. రయితు తన గోడు తన మాటలలో చెప్పుకొనును. సాక్షి సగము చెప్పి సగము మ్రింగును. వీనిని వినక, విని బదులాడక దినము గడువదు. పుస్తకమున చదివిన తెలుగు ఈ వ్యవహారమునకు చాలదని ఆనాటి యువ సివిలియనులకు మొదటి వారముననే తెలిసివచ్చి యుండును.

బ్రౌను తరువాత రచించిన, రచింపించిన పుస్తకములలో ఈ అనుభవపు జాడ స్పష్టము. ఇతని నిఘంటువుల ఖ్యాతిలో పడి అతని చిన్న పుస్తకములను మనము తగినంతగ గమనింపలేదు. 1852లో అచ్చయిన వాక్యావళి ఇంగ్లీషు తెలుగు జాతీయముల అభ్యాసములతో కూడినది. 1853లో సంభాషణల పుస్తకము పునర్ముద్రితమైనది. అదే సంవత్సరమున వెలువడిన రాజుల యుద్ధములు అనంతపుర ప్రాంతపు చరిత్రను ఆ సీమవారి వాడుక మాటలలో చెప్పినది. 1855 నాటి తాతాచార్యుల కథలు నోట చెప్పిన కథలను చెప్పిన తీరున వ్రాయించిన సంపుటము. వీనిని సాహిత్య చరిత్రకారులు తొలి వచన రచనల జాబితాలో చేర్చి విడిచినారు. మేము వీనిని పాఠ్యప్రణాళికగ చదువ గోరుచున్నాము.

అట్లు చదివినచో ఒక క్రమము కానవచ్చును. మొదట చిన్న వాక్యము, దానికి బదులు వాక్యము. అడుగువా డొకడు, చెప్పువా డొకడు. పిదప జాతీయము, అనగా పదములన్నియు తెలిసియు అర్థము తెలియని పలుకుబడి. ఆ పిదప కథ: వినువాని చెవి అరగంటసేపు విడువక నిలువవలసిన దీర్ఘశ్రవణము. ఆ పైన చరిత్ర. కావ్యము వీని కన్నింటికిని తరువాత. అదియు భేదములు తెలిసినవాని సహాయముతో. బ్రౌను తన వ్యాకరణమున వాడుక భాషకును కావ్యభాషకును గల అంతరమును దాచలేదు. ఈ క్రమమును ఎవరును శాస్త్రముగ ప్రతిపాదింపలేదు. అక్కరనుండి పుట్టినది. విద్యార్థి మరునాడు కచేరిలో కూర్చుండి వినవలసియున్నది; కాబట్టి పాఠము వినికితో మొదలైనది.

ఇప్పుడు రెండవ మార్గమును చూతము. 1822లో గవర్నరు మన్రో ఆజ్ఞాపించిన విద్యాస్థితి విచారణలో బళ్లారి జిల్లా నివేదికను సమర్పించినవాడు ముందు చెప్పిన కాంప్‌బెలే. నేటి అనంతపుర ప్రాంతము కూడ నాడు ఆ జిల్లాలోనిది. అతడు 1823లో పంపిన లెక్క ప్రకారము జిల్లాలో 533 బడులు, వానిలో 6,641 మంది విద్యార్థులు. తెలుగు బడులు 226, కన్నడ బడులు 235, ఇంగ్లీషు చెప్పు బడి ఒక్కటి. ఆ యొక్కటియు బళ్లారి దండులో నుండెను. సంఖ్యలకంటె అతని వ్యాఖ్య మనకు ముఖ్యము. పిల్లలు కావ్యములను వల్లె వేయుదురు. అక్షరములను గుర్తించి గడగడ చదువగలరు. కాని ఆ భాష వారు మాటలాడు భాష కాదు గనుక అర్థము తెలియదు. ఇది కాంప్‌బెల్ చేసిన ప్రధానమైన ఆక్షేపణము. తెలుగు వ్యాకరణమును వ్రాసినవాడు గనుక ఆ మాట చెప్పుటకు అతనికి అర్హత కలదు. కాని మన వీథిబడులను నిందించుటకు ఈ నివేదికను మాత్రమే ఆధారముగ గొనుట న్యాయము కాదు. కంఠస్థ విద్యకు చెవి, నోరు రెండును పదునెక్కును. దాని లోప మర్థములోనిది గాని ఉచ్చారణలోనిది కాదు. ఇంగ్లీషు చదువు ప్రబలిన తరువాత ఆ లోపము నిలిచినది, ఆ గుణము పోయినది.

కడప, కందనవోలు ప్రాంతములలో ఈ లెక్కకు చిక్కని వారొకరిని స్మరింపవలెను. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము విడిచి కాశీయాత్రకు బయలుదేరి, కడప మీదుగ వచ్చి, ఆత్మకూరు దారిని అడవి కొండ లెక్కి శ్రీశైలమును సేవించెను. నాడు ఈ క్షేత్రము కందనవోలు నవాబు ఏలుబడిలోనిది; ఆ రాజ్యము కుంఫిణీ వశమైనది 1839లో. యాత్రికులనుండి నవాబు మనుష్యులు సుంకము గొనుట, అడవి దారులు, చెంచులు, అన్నియు కాశీయాత్ర చరిత్రలో కలవు. పాఠకులెరిగినదే. మన ప్రకరణమున గమనింపదగిన దతని వృత్తి. అతడు చెన్నపట్టణపు సుప్రీము కోర్టున ఇంటర్‌ప్రిటరు. సాక్షి తెలుగులోనో తమిళములోనో చెప్పినదానిని విని, న్యాయాధిపతికి ఇంగ్లీషున అప్పటికప్పుడు చెప్పవలసిన పని. నిఘంటువు తెరచి చూచుటకు వ్యవధి యుండదు. అట్టి శక్తి అతనికి ఎట్లు వచ్చినది? అతని మిత్రుడును, ఆ గ్రంథమును 1838లో ప్రకటించినవాడును అగు కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్ల వ్రాసినదానినిబట్టి, చిన్నతనముననే ఇంగ్లీషు నేర్చి, పసివయసుననే కచేరీలలో వాలంటీరుగ చేరినాడు. జీతము లేని ఆ కొలువే అతని శ్రవణశాల. దొరలు మాటలాడుచుండగ విని, పెద్ద గుమాస్తాలు బదులు చెప్పుచుండగ విని, తానును చెప్పి సరిదిద్దించుకొనినాడని ఊహించుటలో దోషము లేదు.

అతని సమకాలికుడగు ఒంగోలు ప్రాంతీయుడు వెన్నెలకంటి సుబ్బారావు సదరదాలతు కోర్టున దుబాసి. ఇంగ్లీషున స్వీయచరిత్ర వ్రాసినవాడు. 1820లో చెన్నపట్టణపు స్కూల్ బుక్ సొసైటీలో సభ్యుడై, పాఠశాలలలో బోధన యెట్లున్నదో విచారించి తెలిపెను. అర్థము నెరుగక చదువు చదువే అతనికిని ముఖ్యమైన ఆక్షేపణము. కచేరిలో నేర్చినవారు బడిలో నేర్చినవారిని చూచి ఇట్లు బాధపడుట ఆశ్చర్యము కాదు.

1857లో మద్రాసు విశ్వవిద్యాలయ మేర్పడిన పిదప ఉద్యోగమునకు దారి కచేరి కాక పరీక్ష యైనది. పరీక్ష ప్రధానముగ వ్రాతపరీక్ష. వ్రాతకు వ్యాకరణము, అనువాదము, వల్లె వేసిన వ్యాసము చాలును. ఉపాధ్యాయుడు ఇంగ్లీషు వాక్యమును చదువును, తెలుగున అర్థము చెప్పును, విద్యార్థి వ్రాసికొనును. ఈ తంతులో విద్యార్థి చెవిని పడిన ఇంగ్లీషు ఎంత? నోట వచ్చిన దెంత? కడపలో దొర తెలుగు నేర్చిన తీరునకు ఇది సరిగ తలక్రిందులు. పాఠ్యపుస్తకములు పెరిగినవి, పాఠశాలలు పెరిగినవి, వినుట తగ్గినది.

ఈ స్థితిని గుర్తించి కదలించినవారు మన భాషా చరిత్రలో ప్రసిద్ధులే. 1906 ప్రాంతమున ఉత్తర సర్కారులకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగ వచ్చిన జె. ఏ. యేట్సు ఇంగ్లీషు బోధనలో ప్రత్యక్ష పద్ధతిని ప్రోత్సహించిన అధికారి. వస్తువును చూపి, ఆ భాషలోనే మాటలాడి, ఆ భాషలోనే బదులు రాబట్టుట ఆ పద్ధతి. అదే కంటితో తెలుగు పాఠమును చూచిన అతనికి, పిల్లవాడు పలుకు తెలుగు వేరు, పుస్తకమున నున్న తెలుగు వేరు అను సంగతి విడ్డూరముగ తోచినది. పి. టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి గారలతో అతని సంప్రదింపులనుండి వాడుక భాషోద్యమ మెట్లు సాగినదో ఈ పత్రికా పాఠకులకు చెప్పనక్కరలేదు. ఒక్క సంగతిని మాత్రము నొక్కి చెప్పవలెను: తెలుగునాట వ్యావహారిక భాషావాదము ఇంగ్లీషు తరగతి గదిలోని వినికిపలుకుల చర్చనుండియు పుట్టినది. గిడుగు వారు అంతకు పూర్వమే పర్లాకిమిడి ప్రాంతపు కొండలలో సవరల నోట విని సవర భాష నేర్చినవారు. వ్యాకరణము లేని భాషను నేర్చుటకు చెవి తప్ప శరణ్యము లేదు. ఆ వ్యాకరణము పిదప ఆయనయే వ్రాసినారు.

లోకమున ఈ విషయమై ఏకాభిప్రాయము లేదు. హెరాల్డ్ పామరు 1921లో మౌఖిక పద్ధతిపై గ్రంథము వెలువరించి, మరుసటి యేట జపానునకు పోయి దానిని ప్రచారము చేసెను. ఢాకాలో పనిచేసిన మైకేలు వెస్టు 1926లో అందుకు భిన్నముగ వాదించెను: వంగదేశపు పల్లెటూరి విద్యార్థికి ఇంగ్లీషు మాటలాడు అవసరము ఎన్నడు కలుగును? అతనికి చదువుట ముందు నేర్పుడు. నడుమ బడి మానినను అది మిగులును. ఈ వాదమును తేలికగ త్రోసివేయరాదు. అది పేదవాని పక్షమున పుట్టిన వాదము. అయినను చదివిన వాక్యము చెవిలో మ్రోగనిచో చదువు కూడ నిలువదని మా యభిప్రాయము. 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్ల సంస్థ నెలకొల్పబడుటతో ఉపాధ్యాయులకు ధ్వనిశాస్త్ర శిక్షణము మన రాష్ట్రముననే లభింపసాగినది. ఆ సంస్థయే నేటి ఆంగ్ల విదేశీ భాషల విశ్వవిద్యాలయము. ఆ శిక్షణము నల్లమల దాక ఎంత చేరినదనునది వేరు ప్రశ్న.

నల్లమలలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువు కలదు. 2022 నుండి నంద్యాల జిల్లాకు చెందిన శ్రీశైల మండలమున చెంచు కుటుంబముల పిల్లలు చదువుచున్నారు. వారి ఇంటి మాట తెలుగే. కాని అది పాఠ్యపుస్తకపు తెలుగు కాదు. వారికి బడి తెలుగే సగము పరభాష, ఇంగ్లీషు మరియొక మెట్టు దూరము. 2019లో రాష్ట్ర ప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలలను ఇంగ్లీషు మాధ్యమమునకు మార్చు ఉత్తర్వులిచ్చుటయు, 2020 ఏప్రిలులో హైకోర్టు వానిని కొట్టివేయుటయు అందరెరిగిన వివాదము. మాధ్యమ మేదియైనను, విననిదానిని పలుకుమనుట, పలుకనిదానిని వ్రాయుమనుట ఆ పిల్లలకు కలుగు అన్యాయము. అదే క్షేత్రమున, ఉగాదికి కర్ణాటకమునుండి భక్తులు వేలకొలది వచ్చు వీథులలో, కొట్లలో కూర్చుండువారు కన్నడమున ధర చెప్పుదురు, బేర మాడుదురు. ఏ బడిలో నేర్చినారు? వినికిచేత నేర్చినారు. కచేరిలో వీరాస్వామయ్యకు కలిగిన అవకాశమే వీరికి అంగడిలో కలిగినది. ఇంగ్లీషు విషయమున చెంచు పిల్లవానికి కచేరియు లేదు, అంగడియు లేదు. తరగతి గదియే రెండును కావలయును. అందుచేతనే పాఠమును ముందుగ ఆలోచించి కూర్చుకొనక తప్పదు.

ఎట్లు కూర్చవలెను? ఒక పాఠమును ఊహింతము. శ్రీశైలపు ఆనకట్టకు 12 గేట్లు. నిండు నీటిమట్టము 885 అడుగులు. వరద వచ్చిన దినములలో ఎన్ని గేట్లెత్తినారు, మట్టమెంత యను మాట ఈ మండలపు పిల్లల చెవిని పడనే పడును. ఉపాధ్యాయుడు అయిదారు ఇంగ్లీషు వాక్యములలో ఆ వార్తను చెప్పును. పుస్తకము మూసియుండును, నల్లబల్లపై ఏమియు వ్రాయడు. మొదటిసారి పిల్లలు వినుటయే పని. రెండవసారి వినుచు, ఎత్తిన గేట్ల సంఖ్యను వ్రేళ్లతో చూపవలెను. బదులు చేతితో, నోటితో కాదు. మూడవసారి మట్టము. ఇచ్చట మెలకువ యొకటి. ఎనిమిది వందల ‘ఫిఫ్టీన్’ అడుగులనిన వేరు, ‘ఫిఫ్టీ’ అడుగులనిన వేరు. ముప్పదియైదడుగుల నీరు తేడా! మొదటిదానిలో ఊనిక చివర పడును, రెండవదానిలో మొదట పడును. తెలుగున అట్టి ఊనికకు అర్థభేదము లేదు గనుక మన చెవి దానిని పట్టదు. రెండింటిని సమముగ సాగదీయును. ఇట్లే హల్లుతో ముగియు మాటకు మనము అచ్చు చేర్చుదుము. బస్ అనినది బస్సగును. ‘ఓపెన్’, ‘ఓపెన్డ్’ అను వానిలో చివరి డకారము మనవారికి వినబడక పోవుట వలననే భూతకాలము వ్రాతలోను తప్పుచున్నది. వ్యాకరణ దోషమని ఎఱ్ఱసిరాతో దిద్దుచున్నవానిలో కొన్ని నిజమునకు వినికి దోషములు.

విన్న పిమ్మట పలుకు. ఇద్దరిద్దరుగ పిల్లలు కూర్చుండి, ఒకడు ఆనకట్టవద్దనుండి వచ్చినవాడై, ఒకడు అడుగువాడై మాటలాడవలెను. ఒక మాటతో బదులు చాలును, తరువాత వాక్యము. అర్థము చెడగొట్టు ఉచ్చారణను దిద్దవలెను, తక్కినదానిని ఆ దినమునకు విడువవలెను. చెంచు పిల్లవాడు తెలుగున బదులిచ్చినచో, వాడు వినినట్లు రుజువైనది గదా. ఆ బదులునే ఉపాధ్యాయుడు ఇంగ్లీషున చెప్పి మరల వినిపింపవలెను. చివర అయిదు నిమిషములలో మాత్రమే వాక్యములు నల్లబల్ల కెక్కవలెను. వాక్యావళి, సంభాషణలు, కథలు అను బ్రౌను క్రమమునే మేము ఒక గంటలోనికి కుదించితిమి. కొత్తగ కల్పించినది స్వల్పము.

దీనికి ఆక్షేపణ లుండును. కడపలో దొర యొక్కడు, అతనికి చెప్పు పండితు లనేకులు. నేటి తరగతిలో ఉపాధ్యాయు డొక్కడు, పిల్ల లనేకులు. దొరకు జీతము పెరుగుటకు తెలుగు పరీక్ష కారణమయ్యెడిది. పిల్లవానికి పదవ తరగతి పరీక్ష ప్రధానముగ వ్రాతపరీక్షయే. పరీక్షలో లేనిదానిని పాఠములో ఉంచుడని ఉపాధ్యాయుని కోరుట అతనిపై భారము మోపుటయే యగును. ఈ రెండవ ఆక్షేపణకు సమాధానము పరీక్షాధికారుల చేతిలోనిది. మొదటిదానికి మాత్రము జతలుగ కూర్చుండబెట్టుటయే కొంత విరుగుడు.

మూడవ ఆక్షేపణను ఉపాధ్యాయులే మెల్లగ చెప్పుదురు: మా ఉచ్చారణమే సరిగ లేదు, మేమేమి వినిపింతుము? బ్రౌనుకు తెలుగు వినిపించిన మునిషీలు, గుమాస్తాలు, రయితులు ఒక్క తీరున పలికినవారు కారు. చెన్నపట్టణపు పలుకు, కడప పలుకు, మచిలీబందరు పలుకు వేరువేరు. అతడు అన్నింటిని విని, వినిన మాటలను నిఘంటువున చేర్చుకొనెను. కడపలో అతడు నివసించిన చోటనే నేడు అతని పేర గ్రంథాలయము కలదు. నల్లమల బడులలో పనిచేయు ఉపాధ్యాయులు అచ్చటికి పోయినచో నిఘంటువులతో పాటు తాతాచార్యుల కథలను కూడ అడిగి తీసికొనుడని కోరుచున్నాము. ఇంగ్లీషు నేర్చు మన పిల్లలకై, మన ఊళ్ల సంగతులతో, నోటితో చెప్పినది చెప్పినట్లు కూర్చిన అట్టి సంపుటము ఇంకను వెలువడవలసి యున్నది. దానికి కథలను సేకరింప వలసినది తెలుగు శాఖలవారే. ఇంగ్లీషు శాఖలవారు వానిని తిరిగి చెప్పుకొందురు.